కంకరబాటకు, తారురోడ్డుకు తగిన సైకిలు టైరు

సైకిలు కొనువారు రంగు చూతురు. గేర్లు ఎన్ని అని అడుగుదురు. బ్రేకు నొక్కి చూతురు. టైరును గూర్చి ప్రశ్నించువారు అరుదు. అయినను సైకిలంతటిలో నేలను తాకునది టైరు ఒక్కటే. ఎక్కినవాని బరువు మోయుట, మలుపులో జారకుండ నిలుపుట, బ్రేకు వేసినపుడు ఆపుట - ఈ పనులన్నియు అరచేతిలో సగమైనను లేని రెండు రబ్బరు ముక్కలపై ఆధారపడి యున్నవి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ఈ విషయము మరింత ఆలోచింపదగినది. ఇక్కడ పల్లె నుండి పట్టణమునకు పోవు త్రోవ ఒక్క తీరుగా నుండదు. ఊరిలో సిమెంటు వీధి, ఊరు దాటగనే మొరము బాట, నడుమ చెరువుకట్ట, ఆపైన తారురోడ్డు, కొన్నిచోట్ల హైదరాబాదు నుండి విజయవాడకో బెంగుళూరుకో పోవు జాతీయ రహదారి. ఒకే ప్రయాణములో ఇన్నింటిని దాటవలసిన చక్రమునకు ఎట్టి టైరు తగును?

ముందుగా మన నేల స్వభావము తెలిసికొనవలెను. ఈ మెట్ట ప్రాంతమునకు అడుగున నున్నది చాలవరకు గ్రానైటు శిల. ఆ శిలయే యుగముల తరబడి ఎండకు, వానకు శిథిలమై మొరముగను, ఎర్రని చెల్కనేలగను మారినది. మొరము బాటకు అడుగుభాగము గట్టిగ నుండును. పైన మాత్రము జొన్నగింజ మొదలు శనగగింజ వరకు పరిమాణముగల పలుకులు విడివిడిగా పరచుకొని యుండును. గచ్చుమీద గింజలు చల్లి నడచినచో ఎట్లుండునో ఈ బాటపై చక్రమునకును అట్లే యుండును.

ఇక్కడనే చాలమంది పొరపడుచున్నారు. ఎత్తైన బుడిపెలుగల టైరైనచో కంకరను గట్టిగా పట్టునని భావింతురు. బుడిపె మెత్తని మట్టిలో దిగి పట్టు సంపాదించును. గట్టినేలపై అది దిగజాలదు. తారురోడ్డుపై ఆ బుడిపెలే అటునిటు వంగుచు, రొద చేయుచు, కాలిబలమును హరించి తామును వేగముగ అరిగిపోవును.

కొండసైకిలు పుట్టుక తెలిసినచో ఈ టైరు ఏ పనికై ఏర్పడినదో బోధపడును. గాలితో నింపిన టైరుకు 1845లో రాబర్టు విలియం థామ్సను పేటెంటు పొందెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై అట్టిదానినే మరల కల్పించి వ్యాప్తికి తెచ్చెను. 1970 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, టామల్పయిస్ కొండవాలుపై, కొందరు యువకులు పాత లావుటైర్ల సైకిళ్ళను వేగముగ దింపుచు పోటీలు పడిరి. కొండసైకిలు అందుండి వచ్చినది. పెద్ద బుడిపెలు అట్టి వాలులకు, వదులు మట్టికి తగినవి. బడికి, కొలువుకు, సంతకు పోవువారి ప్రయాణము వేరు.

అట్టివారికి మధ్యభాగము ఇంచుమించు నునుపుగ, లేదా చిన్నగీతలతో ఎడము లేకుండ నుండి, ఇరుప్రక్కల మాత్రము పొట్టి బుడిపెలున్న టైరు మేలు. తిన్నగ పోవునపుడు నునుపుభాగము తేలికగా దొర్లును. మలుపులో చక్రము ఒరిగినపుడు ప్రక్క బుడిపెలు తోడ్పడును. వెడల్పు 1.75 నుండి 2 అంగుళముల వరకు చాలును. అయితే టైరుకును మడ్‌గార్డుకును, ఫోర్కుకును మధ్య కనీసము చిటికెనవ్రేలు దూరునంత సందు మిగులవలెను.

ఈ వెడల్పు సుఖమునకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకును సంబంధించినది. వెనుకనుండి లారీ వచ్చినపుడు సైకిలువాడు తారు అంచు దిగి మొరములోనికి పోవలసి వచ్చును. అంచు రెండు మూడు అంగుళముల ఎత్తున తెగియున్నచోట సన్నని గట్టి టైరు ఆ అంచునకు ఒరసికొని మరల పైకెక్కజాలక మనిషిని రోడ్డుమీదికే పడవేయవచ్చును. వెడల్పైన టైరు కొంత మేలు. అయినను వేగము తగ్గించి దిగుట, అంచు సమముగ నున్నచోటనే మరల ఎక్కుట క్షేమము.

టైరు ఎంత మంచిదైనను గాలి సరిగా లేనిచో వ్యర్థము. మన దుకాణములలో టైరు రాయివలె గట్టిపడువరకు గాలి కొట్టుట అలవాటు. అట్టి టైరు మొరముపై ప్రతి రాతికిని ఎగిరిపడి పట్టు విడుచును. గాలి మరీ తక్కువైనచో గుంటలో ట్యూబు రిమ్ముకును రాతికిని మధ్య నలిగి రెండుచోట్ల చిల్లిపడును. 65 కిలోల మనిషికి, 2 అంగుళముల టైరునకు, చదరపుటంగుళమునకు ముందు చక్రములో 30-35, వెనుక చక్రములో 35-40 పౌండ్ల ఒత్తిడి మిశ్రమమైన బాటకు సరిపడును. వెనుక చక్రము హెచ్చు బరువు మోయును గనుక ఈ భేదము. పాలక్యాను, ధాన్యపుమూట కట్టువారు మరికొంత హెచ్చింపవచ్చును గాని, టైరు ప్రక్కన ముద్రించిన పరిమితిని దాటరాదు.

వేసవిని కూడ లెక్కింపవలెను. వేకువన 25 డిగ్రీలలో 40 పౌండ్లకు నింపిన గాలి 45 డిగ్రీలకు వేడెక్కినచో ఒత్తిడి 43, 44 పౌండ్ల వరకు పెరుగును. మంచి టైరు దీనికి బెదరదు. ప్రక్కలు పగిలి నూలు బయటపడిన పాత టైరు ఇట్టి సమయముననే మోసగించును. సైకిలును నీడన నిలుపుట ఖర్చులేని రక్షణ.

ఇక ముండ్లు. బాటల ప్రక్కన సర్కారుతుమ్మ, చేలగట్లపై రేగుకంప, నేలను ప్రాకు పల్లేరు. పల్లేరుకాయ ముక్క ఏ వైపున పడినను ఒక ముల్లు పైకి నిలిచియుండును. కావున రబ్బరు క్రింద ముల్లును నిరోధించు దట్టమైన పొర గల టైరునే అడిగి తీసికొనవలెను. అది కొంత బరువు, కొంత ప్రియము. కాని మిట్టమధ్యాహ్నము దుకాణము లేని బాటలో సైకిలు నడిపించుకొని పోవు శ్రమకంటె చవుక. ట్యూబులో చిన్న చిల్లులను పూడ్చు ద్రవమును పోయుటయు ఉపయోగకరమే. మన ఎండలకు అది ఎండిపోవును గనుక కొన్ని నెలలకొకసారి చూచుకొనవలెను. పంక్చరు వేయించినపుడు టైరు లోపల గుడ్డతో తుడిచి చూడవలెను. విరిగిన ముల్లుమొన అందులోనే మిగిలినచో క్రొత్త పట్టీ ప్రక్కనే మరల చిల్లిపడును.

కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, అలంపురము వైపున నల్లరేగడి యున్నది. వాన కురిసినపుడు ఆ మట్టి ఏ టైరునైనను చుట్టుకొని చక్రమును బిగించును. ఎడముగ నాటిన బుడిపెలున్నచో కొంత రాలిపోవును. ఆరువరకు ఆగుటయే ఉత్తమము.

చివరగా కొలత. 26 అంగుళముల టైరులన్నియు ఒకటి కావు. 26×1.75 అని దశాంశముతో వ్రాసినది 559 మిల్లీమీటర్ల రిమ్ముకు, 26×1⅜ అని భిన్నముతో వ్రాసినది 590 మిల్లీమీటర్ల రిమ్ముకు చెందును. ఒకటి మరొకదానికి పట్టదు. పాత నల్లసైకిలు 28×1½ టైరునకు రిమ్ము 635 మిల్లీమీటర్లు. కావున టైరు ప్రక్కన 50-559 వంటి అంకెలను చదివి, వ్రాసికొని దుకాణమునకు పోవుడు. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము కొలత.

నిత్యము పోవు త్రోవలో తారు ఎంత, మొరము ఎంత అని ఒకమారు లెక్కించుకొనుడు. హెచ్చుభాగమునకు తగిన నడిమిభాగము, తక్కువభాగమునకు తగిన ప్రక్కలు, ముండ్లకు తగిన పొర, బరువుకు తగిన గాలి - ఈ నాలుగును కుదిరినచో మీ సైకిలుకు తగిన టైరు దొరకినట్లే.