చెట్టుకీ ఓ చిట్టా!

గుమ్మం పక్కన గోడకి పిల్లాణ్ణి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీయని ఇల్లుంటుందా? పక్కనే తారీఖు కూడా రాస్తాం. ఇంటికి సున్నాలు వేసిన రోజున ఆ గీతలు కాస్తా పోతాయి! మళ్ళీ కొలుద్దామంటే వాడు అప్పటి పిల్లాడు కాడుగా.

చెట్ల సంగతీ అంతే. సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది చూశారూ, అందరూ ‘క్రిడా’ అంటారు. 1985లో ఏర్పడిన ఈ సంస్థకి హయత్‌నగర్‌లో పరిశోధన క్షేత్రం ఉంది. వానాధారపు చేలల్లో పంటలతో పాటు చెట్లూ పెంచితే ఎలా ఉంటుందన్నది కూడా వాళ్ళ పరిశోధనే. వంగమొక్క కాపు రెండు మూడు నెలల్లో తెలిసిపోతుంది. చెట్టు అలా కాదే! ఏళ్ళ తరబడి కొలవాలి. ఈలోగా ఎక్కడైనా సరే కొలిచినవాళ్ళు రిటైరవుతారు, లెక్కల పుస్తకాలు బీరువాల్లో ఉండిపోతాయి.

అడవిలో అయితే ఇది మరీ పెద్ద పని. తమిళనాడులోని ముదుమలై అడవిలో 1988లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్ళు 50 హెక్టార్లు, అంటే దాదాపు 124 ఎకరాలు, హద్దులు వేసుకున్నారు. ఒక సెంటీమీటరు లావున్న మొక్క దగ్గర్నుంచీ అన్నిటికీ నెంబరు బిళ్ళలు కట్టారు. మొదటి లెక్కకే పాతికవేల పైచిలుకు! ఏది ఎంత లావెక్కింది, ఏది ఏనుగు విరిస్తే పోయింది, ఏది కార్చిచ్చుకి మాడింది... అన్నీ రాస్తూ వచ్చారు. పనామా దేశంలో 1980లోనే ఇలాంటి పని మొదలైంది. ఆ లెక్కలు ఎవరైనా తీసుకుని చూసుకోవచ్చు.

అలా పంచుకుంటే లాభమేమిటంటారా? కరువొచ్చిన ఏడు ఏ చెట్లు తట్టుకున్నాయి, అడవి ఎంత బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటోంది - ఇవి ఒక్క అడవిని చూసి చెప్పేవి కావు. పది అడవుల లెక్కలు పక్కపక్కన పెట్టాలి. ప్రజల సొమ్ముతో సేకరించిన వివరాలు పంచుకోవాలని మన కేంద్ర ప్రభుత్వం కూడా 2012లో ఒక విధానం తెచ్చింది.

మరి జంకెందుకు? ఆవకాయ పెట్టింది మీరు. ఎండలో కాయలు ఏరి, ముక్కలు కొట్టించి, చేతులు మండుతుండగా కలిపారు. మెచ్చుకోలేమో వడ్డించినావిడకి! జలగలు కరుస్తున్నా టేపు పట్టుకు తిరిగినవాళ్ళ బాధ అచ్చంగా ఇదే. 2022లో వివిధ దేశాల అటవీ శాస్త్రజ్ఞులు కలిసి ఇదే రాశారు. లెక్కలు ఇస్తాం సరే, కొలిచినవాళ్ళకి పేరూ, కొలవడానికి డబ్బూ రావద్దూ అని. న్యాయమే కదండీ!

మీ పెరట్లో వేపచెట్టుందా? బట్టలు కుట్టేటప్పుడు వాడే టేపు చాలు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత తీయండి. మన అటవీశాఖ వాళ్ళు కొలిచేదీ అక్కడే. రంగుతో చిన్న గుర్తు పెడితే వచ్చే ఏడూ అక్కడే కొలవొచ్చు. కొలిచేది ఎండాకాలంలో అయితే మేలు. వానలకి బెరడు ఉబ్బి లెక్క తప్పుతుంది. తారీఖుతో సహా పుస్తకంలో రాసి, ఒక కాపీ పక్కింటి వదినగారికి కూడా ఇవ్వండి. గోడ మీద మాత్రం వద్దు, పండక్కి సున్నాలు వేసేస్తారు!