గట్టు మీద ఒకరు

మా హెబ్బగోడిలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ముందు హోసూరు రోడ్డు ట్రాఫిక్ గురించి, తరువాత సొంత ఊరి గురించి మాట్లాడుకుంటాం. ఊరి మాట రాగానే నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని బావిలో దూకిన రోజులు గుర్తుకొస్తాయి. గుంటూరు జిల్లా పల్లెలో పుట్టి, సైన్యంలో చేరి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదిన షంషేర్ ఖాన్ గారి ప్రస్తావనా వస్తుంది. తీరా చూస్తే మాలో చాలామంది గట్టు మీద బట్టలకు కాపలా కాసినవాళ్ళే!

అలాంటి ఎనిమిదిమందికి ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్పే పని నా మీద పడింది. నేను కామర్స్ చదివిన బ్యాంకు ఉద్యోగిని. చిన్నప్పుడు కాలువలో నేర్చిన ఈతే నా అర్హత.

పెద్దవాళ్ళకు భయం కంటే సిగ్గు ఎక్కువ. అందుకే కాళ్ళూ చేతులూ ఆడించడం తరువాత అన్నాను. ముందు ఛాతీలోతు నీళ్ళలో గట్టు పట్టుకుని, ముఖం ముంచి బుడగలు వదలాలి. తరువాత తేలడం. ఆ తరువాత మోకాళ్ళు కడుపు దగ్గరకు ముడిచి, చేతులతో నీటిని కిందికి నొక్కి, తిరిగి నిలబడడం. నిలబడడం వచ్చాకే మిగతావి.

మూడో నెలలో ఒక ఆదివారం. నేను ఒకాయనకు కాళ్ళు ఆడించడం చూపిస్తున్నాను. ఇంకొకాయన తేలుతూ తేలుతూ లోతు వైపు జరిగిపోయారు. నిలబడబోతే నేల అందలేదు. కేక వేయలేదు, చెయ్యి ఊపలేదు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున ఉంది. అభ్యాసం చేస్తున్నారనుకున్నాను! గట్టు మీదున్న ఆయన భార్య "అన్నయ్యగారూ, ఆయన్ని చూడండి!" అని అరిచారు. చెత్త తీసే పొడుగాటి కర్ర అందిస్తే పట్టుకున్నారు. ఆయన తరువాత నవ్వేశారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మునిగేవాడు అరుస్తాడనుకోవడం సినిమాల్లో చూసిన భ్రమ. ఊపిరికే చాలనప్పుడు కేక ఎక్కడిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి సుమారు 3 లక్షల మంది చనిపోయారు.

బ్యాంకులో ఓచరు రాసినవాడే దాన్ని పాస్ చేయడానికి వీల్లేదు. నేర్పేవాణ్ణీ నేనే, కాపలావాణ్ణీ నేనే కావడం నా తప్పు. ఆనాటి నుంచి మా నియమాలు ఇవి. ఈత వచ్చినవారొకరు నీళ్ళలోకి దిగకుండా, ఫోను పక్కన పెట్టి, గట్టు మీద తలలు లెక్కపెడుతూ ఉండాలి. లోతు మొదలయ్యేచోట అడ్డంగా తాడు కట్టాలి. ఊపిరి బిగబట్టే పందేలు వద్దు. గబగబా ఊపిరి పీల్చి వదిలి మునిగితే, మళ్ళీ పీల్చాలనిపించక ముందే స్పృహ తప్పవచ్చు. ఈత బాగా వచ్చినవారికీ ఈ ప్రమాదం ఉంది. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకవద్దు. కర్రో, తాడో, ట్యూబో అందించండి.

పైకి తీసినవారికి ఊపిరి ఆడకపోతే పొట్ట నొక్కడం, గిరగిర తిప్పడం చేయకూడదు. ఒకరు 108కి ఫోను చేస్తుండగా, ఇంకొకరు ముందు నోటితో ఊపిరి ఊదాలి. తరువాత ఛాతీ మధ్య 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ ఉండాలి. ఇది చదివి వచ్చేది కాదు, శిక్షణలో చేసి నేర్చుకోవలసినది. మేమంతా నేర్చుకున్నాం.

ఇప్పుడు ఆ ఇల్లాలు కూడా ఈత నేర్చుకుంటున్నారు. ఆయనకు ఈత బాగానే వచ్చింది. ఆవిడ నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన గట్టు మీద నుంచి కదలరు.