పసిబిడ్డకు తొలి ముద్ద: అపోహలు – వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్‌లోని నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు కూడా అంతో ఇంతో చేతికొచ్చే పంటలు కొన్ని ఉన్నాయి. రాగులు, కందులు, ఉలవలు, శెనక్కాయలు అలాంటివే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కురిసే ఈ ఎర్రనేలల్లో పసిబిడ్డ తొలి ఆహారానికి కావలసినవి చాలావరకు పండుతాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. పేదరికం ఒక్కటే ఇందుకు కారణం కాదు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత చిక్కగా పెట్టాలి, ఏమేమి కలపాలి అన్నచోట పాతుకుపోయిన అపోహలూ కారణమే.

అపోహ: నాలుగో నెల నుంచే అన్నం అలవాటు చేయాలి. ఆడపిల్లకైతే ఐదో నెలలోనే అన్నప్రాశన.

వాస్తవం: 180 రోజులు నిండేదాకా తల్లిపాలే చాలు. ఎండలు మండే వేసవిలోనూ విడిగా నీళ్లు పట్టనక్కర్లేదు. తల్లిపాలలో 80 శాతానికి పైగా నీరే ఉంటుంది. ఆరు నెలలు నిండాక మాత్రం ఆలస్యం చేయకూడదు. పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఉన్న ఇనుము నిల్వలు అప్పటికి తరిగిపోతాయి. ఇందులో ఆడ, మగ తేడా లేదు. సుశ్రుత సంహిత కూడా తేలికైన అన్నం పెట్టమన్నది ఆరు నెలల బిడ్డకే. ముహూర్తం ఆరు నెలలు నిండాక పెట్టించుకుంటే ఆచారమూ నిలుస్తుంది, బిడ్డకూ మేలు.

అపోహ: పళ్లు వచ్చేదాకా పప్పుకట్టు, గంజినీళ్లే పట్టాలి.

వాస్తవం: మెత్తటి ముద్దను చిగుళ్లతోనే నలిపి మింగగలడు బిడ్డ. ఆ చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతే బలానికి చోటుండదు. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి ఆహారం. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. ఎనిమిదో నెలకల్లా పూటకు అర కప్పు దాకా పెంచండి. అప్పటి నుంచి ఉడికిన క్యారెట్, అరటిపండు లాంటి మెత్తటి ముక్కలు చేతికివ్వండి. తొమ్మిదో నెల నుంచి రోజుకు మూడు నాలుగుసార్లు తినిపించాలి. తల్లిపాలు రెండేళ్లు, ఆపైనా ఇవ్వవచ్చు.

చిక్కటి జావ కోసం రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి పడితే మేలు. మొలకల్లో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి. అందువల్ల పిండి ఎక్కువ వేసినా జావ బంకలా గట్టిపడదు, బిడ్డ సులువుగా మింగుతాడు.

అపోహ: రాగి జావ ఒక్కటే చాలు. గుడ్డు వేడి చేస్తుంది.

వాస్తవం: వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. కానీ రాగిలోని ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. అందుకే పప్పు, మెత్తగా ఉడికించిన ఆకుకూర, నాలుగు చుక్కల నిమ్మరసం, చెంచాడు నెయ్యి చేర్చాలి. బాగా ఉడికించిన గుడ్డు ఆరు నెలలు నిండాక పెట్టవచ్చు. మాంసం తినే ఇళ్లలో మెత్తగా నూరిన మాంసమూ పెట్టవచ్చు, దానిలోని ఇనుము త్వరగా వంటబడుతుంది.

అపోహ: శెనక్కాయ పైత్యం, ఎలర్జీ. మూడేళ్లదాకా పెట్టకూడదు.

వాస్తవం: వైద్యులే ఒకప్పుడు అలా చెప్పేవారు. 2015లో లండన్ పరిశోధకులు ప్రచురించిన లీప్ అధ్యయనం ఆ మాటను తిరగరాసింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి పెట్టలేదు. ఐదేళ్ల వయసుకు వచ్చేసరికి తినని వారిలో 17 శాతం మందికి ఆ ఎలర్జీ ఉంటే, తిన్నవారిలో 3 శాతం మందికే కనిపించింది. బిడ్డకు తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉంటే ముందు వైద్యుణ్ణి అడగండి. మిగతా పిల్లలకు విత్తనాలు వేయించి, మెత్తగా పొడి కొట్టి జావలో కలపండి. ఐదేళ్లలోపు పిల్లలకు విత్తనం విత్తనంగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. పంట చివర్లో బెట్ట తగిలిన చేలల్లో శెనక్కాయలకు విషపు బూజు ఎక్కువగా పడుతుంది. ఆ విషం వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన, రంగు మారిన విత్తనాలు ఏరి పారేయండి.

అపోహ: ఉగ్గులో ఆముదం పోస్తే కడుపు శుభ్రపడుతుంది. నాలుకకు తేనె రాస్తే మాటలు బాగా వస్తాయి.

వాస్తవం: ఆముదం విరేచనాలు పట్టిస్తుంది. పొరపోతే ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. తేనెలో ఉండగల బాక్టీరియా బీజాల వల్ల ఏడాదిలోపు బిడ్డకు బొట్యులిజం రావచ్చు, అది కండరాలను చచ్చుబరుస్తుంది. మొదటి ఏడాది ఉప్పు, చక్కెర కలపనక్కర్లేదు. ఆ రుచులు మనకు అలవాటు, బిడ్డకు కావు.

అపోహ: విరేచనాలైతే తిండి ఆపాలి.

వాస్తవం: ఆపితే నీరసం రెట్టింపవుతుంది. తల్లిపాలు, మెత్తటి ఆహారం కొద్దికొద్దిగా పెడుతూనే ఓఆర్ఎస్ పట్టాలి, వైద్యులు చెప్పినట్టు 14 రోజులు జింకు ఇవ్వాలి. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, మలంలో నెత్తురు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన పల్లెల్లో పసిబిడ్డ తిండి విషయంలో అవ్వ మాటే చెల్లుతుంది. కాబట్టి ఈ విన్నపం ముందుగా అవ్వలకే. అంగన్‌వాడీలో బిడ్డ కోసం ఇచ్చే బాలామృతం, గుడ్లు బిడ్డకే దక్కేలా చూడండి. నెలనెలా తూకం వేయించండి. ఆరు నెలలు నిండిన రోజునే మన చేలో పండిన గింజతో చిక్కటి తొలి ముద్ద మీ చేతులతోనే పెట్టండి.