రైతు సబర్‌లో మన వంతు

2022 జనవరి మాట. పల్నాడులోని ఒక పల్లెలో జుమా నమాజు ముగిసింది. అందరూ వెళ్లిపోయారు గాని, ఒక మిరప రైతు మాత్రం మసీదు మెట్లమీద కూర్చుండిపోయాడు. ఆయనది కౌలు సేద్యం. నల్ల తామర పురుగు పూతలో దూరి, కాయ కట్టకముందే పూతంతా రాల్చేసిన ఏడాది అది. దగ్గరకు వెళ్లి, "సబర్ చెయ్యి భాయ్, అల్లాహ్ తప్పక మేలు చేస్తాడు" అన్నాను. ఆయన తలెత్తి, "నేను సబర్ చేస్తూనే ఉన్నాను మౌల్వీసాబ్. పొలం ఆసామి, అప్పిచ్చినాయన చెయ్యడం లేదు" అన్నాడు.

నా నోట మరో మాట రాలేదు.

సబర్ అంటే నోరు మూసుకుని పడి ఉండటమని చాలామంది అనుకుంటారు. హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం చూడండి. ఏడేళ్ల పంట తర్వాత ఏడేళ్ల కరవు రానున్నదని రాజుగారి కలవల్ల తెలిసినప్పుడు, ధైర్యంగా ఉండండని చెప్పి ఆయన ఊరుకోలేదు. తినడానికి కావలసినంత తీసుకుని, మిగతా ధాన్యాన్ని వెన్నులతోనే నిలవ చెయ్యమన్నారు. మన మిరప రైతు కూడా మరుసటి ఏడు నాలుగెకరాల్లో రెండెకరాలకే మిరప వేశాడు. మిగిలిన రెండింట మొక్కజొన్న. ఇంట్లో లెక్కల పుస్తకం పెట్టాడు. ఆయన చెబుతాడు, భార్య రాస్తుంది. "ఎంత పోయిందో తెలిస్తే నిద్ర పడుతుంది. తెలియనప్పుడే భయం ఎక్కువ" అంటాడు.

అయినా రైతు చేతిలో లేనివి ఎన్నో. కళ్లంలో ఆరబోసిన కాయమీద వాన పడితే మచ్చ పడి తాలు అవుతుంది. పురుగును తప్పించుకున్నా ధర కాటేస్తుంది. 2025 ఆరంభంలో గుంటూరు యార్డుకు టిక్కీలు వచ్చాయి గాని ధర కుప్పకూలింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. ఒకతను పండ్లు కొని నష్టపోయి అప్పులపాలయ్యాడు. దైవప్రవక్త (స) వారు అతనికి దానం చెయ్యమని ప్రజలను ఆదేశించారు. ఇచ్చారు గాని అప్పు తీరలేదు. అప్పుడు అప్పులవాళ్లతో, దొరికినంత తీసుకోవలసిందని, అంతకుమించి వారికి లేదని చెప్పారు. గమనించండి, ఆ ఉల్లేఖనంలో నష్టపోయినవాడికి ఉపదేశం కనబడదు. చెప్పిందంతా చుట్టూ ఉన్నవారికే.

పంటమీది ఉష్ర్ సంగతీ చూడండి. వాన నీటితో పండితే పదో వంతు, తోడి పోసిన నీటితో పండితే ఇరవయ్యో వంతు. పంటే లేకపోతే ఉష్ర్ లేదు. మరి మన కౌలు? సగం రొక్కం నాటకముందే, మిగతా సగం తర్వాత. పైరు ఎండినా ఆ సగం కట్టవలసిందే. (ఇలా రాస్తే పొలాలున్న మా బంధువులే నామీద అలుగుతారని తెలుసు.)

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కినవారు ఒక వర్గం. రంజాన్‌లో మనం చెయ్యి చాచినవారికి పంచుతాం. కండువా భుజాన వేసుకుని ముందు వరుసలో నిలబడే రైతు చెయ్యి చాచడు. ఆయన ఇంటికి మనమే వెళ్లాలి, అదీ నలుగురి కంటా పడకుండా. ఇక బాకీ రావలసినవారి విషయం. ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వాలని, వదిలేస్తే మరీ మేలని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో చెబుతున్నది.

ఆ ఏడు మసీదు పెద్దలు నలుగురు, వారితో నేనూ, ఇద్దరి ఇళ్లకూ వెళ్లాం. పొలం ఆసామి ఒక ఎకరా కౌలు వదిలాడు. అప్పిచ్చినాయన మరుసటి పంటదాకా ఆగాడు. సంతోషంగా ఒప్పుకున్నారని చెప్పలేను. టీ మాత్రం ఇచ్చారు.

2025 ఆగస్టులో ఒక జుమాకు మన రైతు ఆలస్యంగా వచ్చాడు. వజూ చేసుకున్నా గోళ్ల సందుల్లో ఇంకా మట్టి ఉంది. నారు ఎలా ఉందని అడిగాను.

"మొలిచింది మౌల్వీసాబ్. ఈసారి ఎకరంన్నరకే" అన్నాడు.