అటక మీద వీడియో గేమ్, గోడ మీద కొత్త టీవీ

పోయిన ఎండాకాలంలో తెనాలి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద అట్టపెట్టెలో మా తమ్ముడి వీడియో గేమ్ దొరికింది. 1996లో నాన్నగారు విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నది. కొన్నది తమ్ముడి కోసమే గానీ ఎక్కువ ఆడింది మా అమ్మ! మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, మేం స్కూలు నుంచి వచ్చేలోగా మారియోని ఎనిమిదో వరల్డ్ దాకా తీసుకెళ్లేది.

నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. పెద్దగా మాట్లాడడం లేదు. కాస్త సరదాగా ఉంటుందని మా అబ్బాయి ఆ గేమ్‌ని హాల్లో ఉన్న 43 అంగుళాల టీవీకి తగిలించాడు. బొమ్మ చూద్దుము కదా, మారియో లావెక్కిపోయాడు. టోపీ ఎరుపు పక్కకి కారిపోయి తడిసిన ముగ్గులా ఉంది. అది పోనీ. అమ్మ బటన్ నొక్కితే వాడు ఆలస్యంగా ఎగిరి సరాసరి గోతిలో పడుతున్నాడు. నాలుగుసార్లు చూసి, "నా చేతులు మొద్దుబారిపోయాయే, ఇంక నావల్ల కాదు" అని జాయ్‌స్టిక్ కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

తప్పు చేతులది కాదు, టీవీది. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే ఆ పది రోజులు మీకు కలిసొస్తాయని రాస్తున్నాను.

మన దగ్గర 90ల్లో రకరకాల పేర్లతో అమ్మిన ఈ గేములు చాలావరకు జపాన్ నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్లు. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉంటుంది గానీ లోపల తిప్పి తిప్పి అవే నాలుగైదు ఆటలు! ఈ పెట్టె పంపే బొమ్మ వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 240 వరసలు. అంటే మొత్తం 61 వేల పైచిలుకు చుక్కలు. మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీలో 20 లక్షలకు పైగా ఉంటాయి. గరిటెడు పిండితో పెద్ద పెనం నిండా దోసె పోయమన్నట్టే గదా. ఆ సాగదీయడం ఎలా చేస్తుందన్న దాన్నిబట్టే బొమ్మ బాగుండడం, పాడవడం.

ముందు లావు సంగతి చూద్దాం. పాత టీవీ వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లు. ఇప్పటి టీవీ 16కి 9. రిమోట్‌తో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'పిక్చర్ సైజ్' అనో 'యాస్పెక్ట్ రేషియో' అనో ఉన్నచోట 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్లగా ఖాళీ వస్తుంది, కంగారు పడకండి. మారియో మాత్రం మళ్లీ సన్నబడతాడు. పనిలో పనిగా 'షార్ప్‌నెస్' బాగా తగ్గించండి. ఎక్కువ పెడితే స్పష్టంగా వస్తుందనుకుంటాం గానీ, ప్రతి గీత చుట్టూ తెల్ల అంచు వస్తుంది. నాయిస్ తగ్గించేవీ, కదలికను నునుపు చేసేవీ ఉంటే అవీ ఆపేయండి. సినిమాకి పనికొస్తాయేమో, ఆటకి చేటు.

ఇక ఆ ఆలస్యం. పాత డబ్బా టీవీ సిగ్నల్ అందింది అందినట్టే గీత గీతగా తెర మీద గీసేసేది. కొత్త టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మని ఆపి, పెంచి, తుడిచి, మెరుగులు దిద్ది అప్పుడు చూపిస్తుంది. కొన్ని టీవీల్లో ఇందుకు సెకనులో పదో వంతు దాకా పడుతుంది. వార్తలు చూసేవాళ్లకి తెలియదు గానీ గోతి అంచున నిలబడ్డ మారియోకి అది ప్రాణం మీదికొస్తుంది. దీనికి మందు 'గేమ్ మోడ్'. అది పెడితే టీవీ ఈ మెరుగుల పని చాలావరకు మానేస్తుంది. చాలా టీవీల్లో ఈ సెట్టింగులు ఏ సాకెట్‌కి ఆ సాకెట్‌కే వర్తిస్తాయి. కాబట్టి గేమ్ నడుస్తుండగానే మార్చండి. నేను మొదట కేబుల్ టీవీ చూస్తూ మార్చి, ఏమీ తేడా లేదని రెండు రోజులు ఏడ్చాను.

గేమ్ మోడ్ పెట్టిన మధ్యాహ్నం అమ్మని బతిమాలి కూర్చోబెట్టాం. మొదటి గోయి దాటింది. రెండోదీ దాటింది. రెండో స్టేజీ చివర పైకప్పు మీదుగా పరిగెత్తి, దొంగ గొట్టంలో దూరి నేరుగా నాలుగో వరల్డ్‌లో తేలింది. మా అబ్బాయి నోరెళ్లబెట్టి, "నీకెవరు చెప్పారు అమ్మమ్మా?" అన్నాడు. "ఎవరు చెప్తార్రా, మీ తాతగారు ఆఫీసుకెళ్లాక నేనే కనిపెట్టా" అంది. ఆ రోజు రాత్రి అన్నం కూడా అడిగి పెట్టించుకుంది.

వైర్ల విషయం కొంచెం చెప్పాలి. యాంటెన్నా సాకెట్ ద్వారా వచ్చే బొమ్మ గరగరలాడుతుంది. మీ పెట్టెకి పసుపు వీడియో సాకెట్ ఉంటే అదే వాడండి. పసుపు వైరులోనూ వెలుగూ రంగూ రెండూ కలిసే ప్రయాణిస్తాయి, టీవీ వాటిని విడదీయలేక తంటాలు పడుతుంది. ఎరుపు కారిపోవడం అందుకే. నకలు పెట్టెలకి అంతకంటే మంచి దారి లేదు. ప్లేస్టేషన్ 2 ఉన్నవాళ్లు మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులుండే కాంపొనెంట్ వైరు కొనుక్కుంటే బొమ్మ ఎంతో నయం. టీవీకి ఆ సాకెట్లు ఉండాలి సుమా.

మా టీవీకి పసుపు సాకెట్ లేదు. ఇయర్‌ఫోన్ బెజ్జంలాంటి చిన్నది ఒకటి ఉంది. దానికి తగ్గ వైరు టీవీ కంపెనీదే తెచ్చుకోండి. బయట దొరికేవి చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల కలిపిన తీరు వేరు. ఏ సాకెట్టూ లేనివాళ్లు ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బా కొనాలి, కొన్ని వందల్లో వస్తుంది. అచ్చం అలాగే ఉండి హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చేది కూడా అమ్ముతారు. మా వారు మొదట తెచ్చింది అదే! ఇంకో ఇబ్బంది ఉంది. గేమ్ ప్రతిసారీ పూర్తి బొమ్మే పంపుతుంది. ఈ చవక డబ్బాలు దాన్ని పాత టీవీ ప్రసారంలో లాగా సగం బొమ్మ అనుకుని రెండేసి కలిపేస్తాయి. అందుకే కదిలేవాటి అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. దెబ్బ తగిలి మిణుకుమిణుకుమనే బొమ్మ ఒక్కోసారి కనిపించకుండానే పోతుంది. రెట్రోటింక్ లాంటివి ఈ తేడా గుర్తుపట్టి సరిగ్గా చూపిస్తాయి గానీ ధర వేలల్లో ఉంటుంది. మా ఇంటికి అంత అవసరం లేదనిపించింది.

అడాప్టర్‌తో మాత్రం జాగ్రత్త. పిన్ను పట్టింది కదా అని ఇంటర్నెట్ డబ్బాది పెట్టకండి. ప్లస్, మైనస్ తారుమారైతే పెట్టె కాలిపోవచ్చు. రెండింటి మీదా చిన్న గుర్తు ఉంటుంది, పోల్చి చూసుకోండి. ఓల్టులు కూడా సరిపోవాలి. తెర మీద అడ్డంగా నీడ గీతలు పైకి పాకుతుంటే చాలాసార్లు అడాప్టర్‌దే లోపం. క్యాసెట్ ఆడకపోతే చిన్నప్పటిలా నోటితో ఊదకండి, తేమకి లోపలి రాగి పాడవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి బాగా ఆరనివ్వండి.

పాత డబ్బా టీవీ ఇంకా ఇంట్లో ఉందా? పాత సామాన్లవాడికి ఇవ్వకండి, ఈ ఆటలకి దాన్ని మించింది లేదు. వెనక మూత మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకేశాక కూడా లోపల కరెంటు నిలవుంటుంది. మేం మాది ఎప్పుడో మూడు వందలకి ఇచ్చేశాం. దాని విలువ బాతుల ఆట పెట్టాక తెలిసింది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. తుపాకీలోని కన్ను దాన్ని చూడాలి. కొత్త టీవీలో ఆ గడి వచ్చేసరికే సమయం మించిపోతుంది, ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు. మా అబ్బాయి ఒక పూటంతా తుపాకీ విప్పి కూర్చున్నాడు. చివరికి స్క్రూలు బిగించి అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాడు.