“హ్యావ్” అనే చిన్నమాట

ఇంగ్లీషు నేర్చుకోవాలని కూర్చున్నవారికి మొదటివారంలోనే ఎదురయ్యే క్రియ “హ్యావ్”. పలకడానికి సులభమే. కాని దీనికి సరిగ్గా సరిపోయే క్రియ మన తెలుగులో లేదు. చిక్కంతా అక్కడే వుంది. మనుమల పుస్తకాలు ముందు పెట్టుకొని ఇంగ్లీషు మొదలుపెట్టిన అవ్వలకూ, అమ్మలకూ ఈ నాలుగు మాటలు.

“నాకు ఇద్దరు అక్కలున్నారు” అంటాము. ఇందులో కర్త ఎవరు? నేను కాదు, అక్కలు. ఉన్నది వారు, నేను “నాకు” అంటూ ఒక పక్కన నిలుచున్నాను. ఇంగ్లీషులో ఈ వరుస తిరగబడుతుంది. “ఐ హ్యావ్ టూ సిస్టర్స్” అన్నప్పుడు “నేను” ముందుకు వచ్చి కర్తనయ్యాను, అక్కలు కర్మ అయ్యారు.

ఇది మన ఒక్కరి ఇబ్బంది కాదు. వీధిలో మనం మాట్లాడే కన్నడంలోనూ “ననగె ఇబ్బరు అక్కందిరు ఇద్దారె” అనే అంటారు. తమిళం, మలయాళం నడకా ఇదే. హిందీలోనూ, దూరాన వున్న రష్యన్ భాషలోనూ “నా దగ్గర వుంది” అన్న తీరే. మన బెంగుళూరులో 1963లో స్థాపితమైన దక్షిణభారత ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థకు శిక్షణకై వచ్చే దక్షిణాది ఉపాధ్యాయుల ఇళ్ళలోనూ ఎక్కువగా ఇవే భాషలు. కనుక తడబడినందుకు సిగ్గుపడవలసిన పని లేదు.

నిజానికి ఈ విషయంలో మన భాషే ఎక్కువ వివరం చెబుతుంది. “నాకు డబ్బుంది” అంటే కలిగినవాణ్ణి. “నా దగ్గర డబ్బుంది” అంటే ఇప్పుడు జేబులో వుంది. ఇంగ్లీషులో రెండింటికీ “ఐ హ్యావ్ మనీ” అంటే సరిపోతుంది. “నాకు జ్వరంగా వుంది” అన్నా “ఐ హ్యావ్ ఎ ఫీవర్”. “ఇంటికి రెండు తలుపులున్నాయి” అన్నా “ద హౌస్ హ్యాజ్ టూ డోర్స్”. అతడు, ఆమె, అది అన్నప్పుడు “హ్యాజ్”. గడిచిన కాలానికి అందరికీ “హ్యాడ్”. ఇంతే లెక్క.

ఇక మనవారు తరచుగా జారే చోటు ఒకటుంది. “ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్” అని మన ఊళ్ళో చాలామంది అంటారు. అక్కలుండటం జరుగుతూ వున్న పని కాదు, ఒక స్థితి. స్థితికి “ఇంగ్” చేర్చరు. మరి “ఐ యామ్ హ్యావింగ్ కాఫీ” అంటారే? అక్కడ “హ్యావ్” అంటే ఉండటం కాదు, తాగడం. అది పనే కనుక “ఇంగ్” చెల్లుతుంది.

ఈ తేడా వ్యాకరణానికే పరిమితం కాదు. కూతురి కాపురం చూడటానికి పరదేశం వెళ్ళిన తల్లి అక్కడి డాక్టరుతో “ఐ యామ్ హ్యావింగ్ షుగర్” అన్నదనుకోండి. ఆమె చెప్పదలచింది మధుమేహం సంగతి. చక్కెర తింటున్నదని ఆయన అనుకోవచ్చు. “ఐ హ్యావ్ డయాబెటీస్” అంటే అనుమానానికి తావుండదు.

ఇదే పొరపాటు ఎదురుదిక్కునా నడుస్తున్నది. ఇంగ్లీషు బడిలో చదివే పిల్లలు కొందరు “నేను ఇద్దరు అక్కలను కలిగి వున్నాను” అని వ్రాస్తున్నారు. మాటలన్నీ తెలుగే, నడక మాత్రం “హ్యావ్”ది. అక్కలు మనం కలిగివుండే ఆస్తి కారు; మనకున్నవారు. కోప్పడకుండా, “నాకు” అని మొదలుపెట్టమని చెప్పండి. వాక్యం దానంతటదే చక్కబడుతుంది.

ఇంట్లో ఆడుకోవడానికి నాలుగు వాక్యాలు. పెద్దలు తెలుగులో చెప్పాలి, పిల్లలు ఇంగ్లీషులో అందుకోవాలి, తరువాత తారుమారు.

ఆమెకు జలుబు చేసింది: షి హ్యాజ్ ఎ కోల్డ్.
నా దగ్గర చిల్లర లేదు: ఐ డోంట్ హ్యావ్ చేంజ్.
వారు భోజనం చేస్తున్నారు: దే ఆర్ హ్యావింగ్ లంచ్.
నేను బ్యాంకుకు వెళ్ళాలి: ఐ హ్యావ్ టు గో టు ద బ్యాంక్.

చివరి వాక్యంలో “హ్యావ్ టు” అంటే తప్పనిసరి. వెళ్ళక తప్పదన్న మాట. ఇలా రోజుకు నాలుగు చొప్పున పది రోజులు ఆడితే, అవ్వకు ఇంగ్లీషు, మనుమడికి తెలుగు రెండూ పట్టుబడతాయి.