సగటులో కనబడని సుడి

కాలువ వంతెన మీద నిలబడి కిందికి చూడండి. స్తంభం దాటగానే నీళ్లు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి సుడి తిరుగుతాయి. క్షణక్షణానికీ మారే ఇటువంటి ప్రవాహాన్ని అస్థిర ప్రవాహం అంటారు. దాని వేగం తెలియాలంటే పిల్లలు ఒక గడ్డిపరక వేసి, అది ఎంత దూరం పోయిందో చూస్తారు. ప్రయోగశాలలో లేజర్‌తో చేసే పనీ ఇదే.

1904లోనే జర్మనీలో లుడ్విగ్ ప్రాంట్ల్ నీటి తొట్టిలో మెరిసే రేణువులు వేసి సుడులను పరిశీలించాడు. చూడటం వీలైంది గాని, అన్నిచోట్లా ఒకేసారి వేగం కొలవడం లేజర్, కంప్యూటర్ వచ్చాకే సులువైంది. ఈ పద్ధతిని పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ అంటారు.

ముందుగా ద్రవంలో కంటికి ఆనని సన్నని రేణువులు కలుపుతారు. లేజర్ కిరణాన్ని కటకంతో పలుచని తెరలా పరుస్తారు. ఆ తెరలో పడిన రేణువులే మెరుస్తాయి. లేజర్ రెండుసార్లు తళుక్కుమంటుంది, కెమెరా రెండు బొమ్మలు తీస్తుంది. రెంటి మధ్య సెకనులో వెయ్యో వంతు గడిచిందనుకుందాం. రేణువులు ఒక మిల్లీమీటరు జరిగితే, అక్కడి వేగం సెకనుకు ఒక మీటరు. కంప్యూటర్ బొమ్మను చిన్న గళ్లుగా విడగొట్టి, గడిగడికీ ఈ లెక్కే కడుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, సగటు వేగం చాలదా అంటే చాలదు. కృత్రిమ గుండె వాల్వునే తీసుకోండి. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అది సగటు. వాల్వు మూసుకునే క్షణంలో సన్నని సందులోంచి రక్తం వెనక్కి చిమ్మితే రక్తకణాలు దెబ్బతినవచ్చు. ఒక మూల నిలిచిపోతే గడ్డ కట్టవచ్చు. ప్రాణాపాయం ఆ క్షణంలో, ఆ మూలలో ఉంటుంది.

రక్తంలోంచి వెలుగు సరిగా పోదు. అందుచేత నీరు, గ్లిజరిన్ కలిపిన ద్రవాన్ని పారదర్శకమైన గొట్టంలో, గుండెలా కొట్టుకునే పంపుతో పారించి, వాల్వును అందులో పరీక్షిస్తారు. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే, సెకనుకు వెయ్యి జతల బొమ్మలు తీసే కెమెరాకు ఒక్క స్పందనలో 800కు పైగా దశలు చిక్కుతాయి. లోపం రోగి ఒంట్లో కాక, బల్ల మీదే బయటపడే అవకాశం కలుగుతుంది.

పిల్లలూ, వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, కాస్త పసుపు చల్లి, వేలితో మెల్లగా గీయండి. వేలి వెనుక సుడులు మీకే కనిపిస్తాయి. లేజర్ లైటుతో మాత్రం ఆడకండి, అది కంటికి ప్రమాదం.